పిలిచే వరస

విమానం తలమీదుగా వెళ్ళింది. అదేనా? అదే అయ్యుంటుంది, ఈ వేళకు ఇంకేముంటుంది, వెళ్ళిపోయింది, ఇక చేసేదేం లేదు, అనుకుని మార్తమ్మ ఒళ్ళో పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది, ఆ చప్పుడు వినపడకూడదన్నట్టు దాని చెవిమీద అరచెయ్యి కూడా అడ్డం పెట్టింది, పిచ్చి కాకపోతే నిద్రమందు పట్టించిన పిల్లకు ఏం వినపడుతుంది, చప్పుడుకు లేచేదే అయితే ఇందాక విమానాశ్రయంలో తను గొంతు చించుకున్నప్పుడే లేచేది, అప్పుడు లేచి ఉంటే ఇప్పుడీ అనుమానం ఉండేదే కాదు. విమానాశ్రయం ఉన్న ముహర్రఖ్ దీవి నుంచి ఆసుపత్రి ఉన్న మనామాకు సముద్రం మీదుగా వేసిన రోడ్డు, ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట, బళ్ళన్నీ బారులు తీరి ఆగిపోయాయి, రెండు పక్కలా నీళ్ళు, వెనక్కి తిరిగేందుకు కూడా చోటు లేదు. లింగన్న పికప్పులో అద్దం ఎత్తితే ఉక్క, దించితే డీజిలు పొగ. శుక్రవారం సాయంత్రం. ఈపాటికి తెలుగువాళ్ళ ప్రార్థన కూటం అయిపోయి, టీలు తాగి, ఎవరి క్యాంపులకు వాళ్ళు పోతూ ఉంటారు. తనేమో సల్మానియా ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయా, డ్యూటీ మధ్యలో వదిలేసి, స్వీడన్ అనే దేశంలో ఎవరో భార్యాభర్తలు మంచం వేసి దుప్పటి పరిచి కాచుకు కూర్చున్న పిల్లను, ఎక్కాల్సిన విమానం ఎక్కనివ్వకుండా లాక్కొచ్చింది. ఎందుకూ అంటే రెండు మాటలు వింది కాబట్టి. ఆ మాటల అర్థం తనకు తెలుసనుకుంది. గేటు దగ్గర నిలబడి తెలుసని చెప్పింది కూడా. ఇప్పుడీ ఆగిన బండిలో కూర్చుని ఆలోచిస్తే, నిజంగా తెలుసా అని తనకే అనుమానం.

“ఇప్పట్ల కదలదక్కా ఇది,” అన్నాడు లింగన్న స్టీరింగు మీద గడ్డం ఆనించి. “నాకు తెల్వకడుగుత, గీ పోరి నీకేమైతది?”

ఏమవుతుంది? ఏమీ కాదు. పొద్దున్నే మొదటిసారి చూసింది. బ్యాంకాక్ నుంచి యూరప్ పోయే విమానంలో పిల్లలు వస్తున్నారని కబురు రాగానే మిసెస్ హార్లో అందరికీ ఫోన్లు మొదలుపెడుతుంది. ఆవిడ మొగుడు నూనె కంపెనీలో పెద్ద ఉద్యోగి, ఆవిడకు ఇంట్లో పనేం లేదు, లేదు కాబట్టే ఇంత పని నెత్తిన పెట్టుకుంది. విమానం ఇక్కడ ఆగినంతసేపూ ఆ పిల్లలకు పాలు పట్టాలి, మొహాలు కడగాలి, తడిబట్టలు మార్చాలి, వెంట వచ్చిన నర్సమ్మను ఓ గంట నడుం వాల్చనివ్వాలి. జీతం బత్తెం ఉండవు, ఇష్టమున్న వాళ్ళే రావాలి, కూటంలో ఆడవాళ్ళను అడిగితే సెలవు దొరికిన వాళ్ళంతా చేతులెత్తారు, హార్లో ఇంట్లో వంటా వార్పూ చూసే నాగేశ్వరి అయితే ప్రార్థనకు వచ్చే మనిషి కాకపోయినా దీనికి మాత్రం అందరికన్నా ముందుంటుంది. వియత్నాం పిల్లలు. అక్కడ యుద్ధం చేసిన అమెరికా సిపాయిలు ఎవరి ఊరికి వాళ్ళు పోయారు, పిల్లలు తల్లుల దగ్గర మిగిలిపోయారు, ఒకరు తెల్లగా, ఒకరు నల్లగా, వీధిలో ఎవరి మొహంతోనూ కలవని మొహాలు. యుద్ధం అయిపోయాక ఆ మొహాలను అక్కడ ఎవరూ బతకనివ్వరని తల్లులు పడవలెక్కారు, కొందరు ఒడ్డు చేరారు, కొందరు చేరలేదు. థాయ్‌లాండ్ క్యాంపుల్లో ఒంటరిగా తేలిన పిల్లలను యూరప్‌లో పిల్లల్లేని వాళ్ళు పెంచుకుంటామని పిలిపించుకుంటున్నారు. మంచి పనే, కాదన్నదెవరు, పుణ్యాత్ములు. మామూలుగా గంటా గంటన్నరలో తేలిపోయేది. ఈసారి అవతల ఇరాన్‌కూ ఇరాక్‌కూ మొదలైన యుద్ధం పుణ్యమా అని విమానాల దారులన్నీ మారిపోయి, పొద్దున దిగిన విమానం సాయంత్రం దాకా కదల్లేదు. ఒక యుద్ధం పిల్లలు ఇంకో యుద్ధం వల్ల ఆగిపోయారన్నమాట. ఆగకపోతే తనకసలు ఏ సంగతీ తెలిసేదే కాదు, తెలియకుండానే చేతులూపి పంపేసేది, ఇంటికెళ్ళి హాయిగా అన్నం తినేది.

లింగన్నకు ఇదంతా ఎక్కడ చెబుతుంది. తుబ్లీలో కూలీల క్యాంపు మనిషి, జగిత్యాల దగ్గర పల్లె, కాలు విరిగి మగవాళ్ళ వార్డులో పడుకున్న తోటి కూలీని చూడ్డానికి కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, బండి వేసుకుని వచ్చినవాడు. ఆసుపత్రి మెట్లమీద తను అడ్డంపడి “అన్నా, విమానాశ్రయం, తొందరగా,” అంటే ఎందుకని కూడా అడక్కుండా తాళాలు తీశాడు. అంత మంచివాణ్ణి తన పొరపాటులోకి లాగింది. పొరపాటేనా? అయ్యో, అలా అనుకోకు మార్తమ్మా, అనుకుంటే ఇక్కడే దూకాల్సి వస్తుంది.

పొద్దుట నవ్వారు, అదే ఇప్పుడు పొడుస్తోంది. ఈ పిల్ల, పేరు లాన్ అట, ఎనిమిదేళ్ళట, చూస్తే ఆరేళ్ళదానిలా ఉంటుంది, నల్లని పిల్ల, దువ్వెన దిగని ఉంగరాల జుట్టు, పొద్దుట మొహం తుడుస్తుంటే చెయ్యి తోసేసి మెడ చాపి, “ఏమోయ్!” అంది. స్పష్టంగా. తెలుగువాళ్ళు అన్నట్టే, ఆ ఓయ్ సాగదీసి మరీ. మార్తమ్మ తువాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాగేశ్వరి పాలసీసా కడుగుతున్నదల్లా వచ్చి బుగ్గలు నొక్కుకుంది. “బాబోయ్, ఇన్నావా వదినా, ఏమోయ్ అంటందండీ ఈవిడగారు! మా ఆయన కూడా కాపరానికొచ్చిన కొత్తల్లోనే అలా పిలిచేవోడు, ఇప్పుడదీ లేదు!” అంతలో అటువైపు బెంచీ మీద దుప్పటి కింద ముడుచుకున్న పిల్లాడు, ఆరేళ్ళ వాడు, మిన్ అట, రాగిరంగు జుట్టు, పాలిపోయిన ఒళ్ళు, పిల్లికళ్ళు, తల బయటపెట్టి “ఛీ!” అన్నాడు. ఇంకేం, నాగేశ్వరి పొట్ట పట్టుకుని కూలబడింది. మొగుడు ఏమోయ్ అంటే పెళ్ళాం ఛీ పో అంటోంది, అచ్చం మా కొంపే వదినా, అని. ఆడవాళ్ళంతా నవ్వారు, హార్లో వచ్చి ఏంటేంటని అడిగితే వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే ఆవిడా నవ్వింది. పిల్ల మాత్రం అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మళ్ళీ పిలిచింది, ఏమోయ్. “ఏం లేదమ్మా, ఏం లేదు,” అని మార్తమ్మ దాని చేతిలో బిస్కెట్టు పెట్టింది. ఏం లేదట! తమ్ముణ్ణి పిలుస్తున్న పిల్లకు ఏం లేదు అని జవాబు చెప్పింది. తమ్ముడే అయితే. అయితేనే.

ఆ తర్వాత అంతా ఒక్క ఊపులో జరిగిపోయింది. పిల్లాడికి జ్వరం నెత్తికెక్కి కళ్ళు పైకి పోయి ఫిట్సు వచ్చాయి, నోటి పక్కన నురగ, అంబులెన్సు, స్ట్రెచరు, వెంట వచ్చిన పొడుగాటి నర్సమ్మ వాడితో పోవాలా మిగతా పిల్లలతో ఉండాలా తేల్చుకోలేక ఏడుపుమొహం పెట్టింది. పాపం ఆవిడా మనిషే, బ్యాంకాక్‌లో చివరి నిమిషంలో ఎవరికో బదులుగా ఎక్కినావిడ, ఆవిడకు తెలిసింది పిల్లల పేర్లూ ఎవరు ఏ ఊరికి అన్నదీ, అంతే. అప్పుడు ఈ లాన్ స్ట్రెచరు వెనకాల పరిగెత్తింది, ఏమోయ్ ఏమోయ్ అని. అరుపు కాదది, ఒళ్ళు చీల్చుకు వచ్చినట్టుంది. గాజు తలుపు మీద రెండు చేతులతో బాదింది. అంబులెన్సు కూతకు బెదిరిందని ఎవరో అన్నారు. అందరూ అవునవునన్నారు, తనూ అంది. వెనకనుంచి నడుం పట్టుకుని ఆపింది ఎవరనుకున్నారు, మార్తమ్మే. కరిచింది, మణికట్టు దగ్గర, ఇదిగో ఇప్పటికీ ఎర్రగా ఉంది. అయినా వదల్లేదు తను, గట్టిదాన్నని మురిసింది కూడా. ఎంతసేపటికీ ఊరుకోకపోతే నర్సమ్మ నిద్రమందు పోసిందట. అది చూడకుండానే తను మధ్యాహ్నం డ్యూటీకని బస్సెక్కి వచ్చేసింది.

ఒళ్ళో పిల్ల కదిలింది. లేచిందా? లేదు, తల ఇటు తిప్పుకుంది, అంతే. నోట్లోంచి చొంగ కారి తన చీర తడిసింది. నిద్రలో ఎంత నమ్మకంగా ఉందో చూడు, లేచాక తెలుస్తుంది తన సంగతి. లింగన్న కిటికీలోంచి చెయ్యి చాపి ముందు బండివాడితో “యల్లా భాయ్, యల్లా,” అని కేకేశాడు, వాడు భుజాలెగరేశాడు.

వార్డులో వాడే పడ్డాడు తన చేతికి. దేవుడు కావాలని వేశాడో ఊరికే పడ్డాడో తెలియదు. మూల మంచం, చేతికి సెలైను, జ్వరం కాస్త దిగింది, కళ్ళు తెరిచాడు. గంజి నోటికి పెడితే మొహం తిప్పుకుని “ఛీ” అన్నాడు. అలా అనకూడదు నాన్నా, తినేదాన్ని ఛీ అనకూడదు, అంది తెలుగులో. ఛీ. మళ్ళీ పెట్టింది. ఛీ, ఛీ ఓయ్. ఓయ్ ఏంట్రా వెధవా, ఛీకి మళ్ళీ ఓయ్ ఒకటా, అని నవ్వబోయి, వాడి కళ్ళు గంజివైపు లేవని అప్పుడు చూసింది. గిన్నె వైపు లేవు, తన వైపు లేవు, తలుపు వైపున్నాయి. అసహ్యపడేవాడు ముక్కు ముడుస్తాడు కదా, వీడు ముడవలేదు. వాడు అసహ్యపడటం లేదు. పిలుస్తున్నాడు. పిలిచి, ఆగి, వింటున్నాడు, మళ్ళీ పిలుస్తున్నాడు. ఆ ఆగడం తనకు తెలుసు. దేవుడా, అది తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

దివిసీమలో ఉప్పెన వచ్చిన సాయంత్రం, నాగాయలంక అవతల వాళ్ళ పల్లెను నీళ్ళు ఊడ్చేస్తుంటే చెట్లకు కరుచుకున్న వాళ్ళంతా పిలుచుకున్నారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఒక్కరు లేరు. గొంతుదాకా నీళ్ళొచ్చాక మనిషికి పేర్లు గుర్తుండవు కాబోలు, అత్తా, బాబాయా, నాన్నా, ఒసే చెల్లే, అన్నీ వరసలే, గాలిలో వరసలే వినపడ్డాయి. తను ఒక తుమ్మచెట్టు మీద, కాస్త అవతల ఇంకో చెట్టు మీద తమ్ముడు ఎలియేజరు. అక్కా అని వాడు, ఆఁ అని తను. అక్కా. ఆఁ, ఉన్నాన్రా. పిలిచి ఆగేవాడు, తను పలికాకే మళ్ళీ పిలిచేవాడు. వాడు పిలవడం మానేశాక కూడా తను ఆఁ అంటూనే ఉంది, ఎంతసేపు అందో తెలియదు. ఎవరికీ చెప్పలేదీ సంగతి, చెబితే ఏమొస్తుంది. గల్ఫుకు వచ్చిన కొత్తలో ఎవరైనా అక్కా అంటే ఒళ్ళు జలదరించేది, ఇప్పుడు అలవాటైపోయింది, లింగన్న అన్నా ఏం కాదు, ఏమీ కాదని కాదు, సరేలే.

అందుకని, గంజి గిన్నె పక్కన పెట్టి, ఎవరూ చూడ్డం లేదని చూసుకుని, వాడి మొహం దగ్గరికి వంగి, సిగ్గేసింది కూడా, నెమ్మదిగా “ఏమోయ్,” అంది. పిల్లాడు ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. సెలైను సూది పీక్కుపోబోయింది. తలుపు వైపు, కిటికీ వైపు, మంచం కిందికి, అంతటా చూశాడు, ఎవరికోసం చూశాడో వాడికి స్పష్టంగా తెలుసు, మొహం అలా వెలిగింది. తర్వాత ఆరిపోయింది. చూడలేకపోయింది ఆరిపోవడాన్ని. వరసలు! ఏమోయ్ అంటే తమ్ముడూ అని, ఛీ అంటే అక్కా అని. ఎంత వెర్రిబాగులవాళ్ళం, మొగుడూ పెళ్ళామని నవ్వాం. అప్పుడే పరిగెత్తింది. మలయాళీ సిస్టరు వెనకనుంచి అరిచింది, డ్యూటీ వదిలి పోతే రాసేస్తాను, రేపు నువ్వు ఇక్కడ ఉండవు, అని. రాసుకో అంది. అందా? అనలేదు, మనసులో అనుకుంది, అంత ధైర్యం ఎక్కడిది.

కానీ ట్రే పడింది. అదీ అసలు సంగతి, పోయేటప్పుడు లింగన్న బండి మనామా దాటుతుంటే గుర్తొచ్చింది, అప్పటినుంచి పురుగులా తొలుస్తోంది. తను ఏమోయ్ అన్న ఆ నిమిషానే పక్క మంచం దగ్గర ఎవరో స్టీలు ట్రే జారవిడిచారు, ఖంగుమంది. వాడు లేచింది మాటకా, ట్రే చప్పుడుకా? ముందు ఏది? మాటే ముందు, ఖాయంగా ముందు. ఏమో. ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నదానివి, నీకు ప్రతి పిల్లాడూ అక్కా అనే పిలుస్తున్నట్టుంటుంది, అని ఎవరైనా మొహాన అడిగితే ఏం చెబుతుంది? ఏమోయ్ అంటే వాళ్ళ భాషలో నీళ్ళేమో. ఛీ అంటే నిజంగా ఛీయేనేమో.

ఇవేవీ గేటు దగ్గర చెప్పలేదు తను. పొద్దుట తన చీర కొంగుకు హార్లో గుచ్చిన పాసు కార్డు ఇంకా అలాగే ఉంది కాబట్టి పోలీసు లోపలికి వదిలాడు. పిల్లలు వరుసగా విమానం ఎక్కడానికి నిలబడ్డారు, నర్సమ్మ భుజం మీద ఈ పిల్ల వేలాడుతోంది. తను వెళ్ళి పిల్ల పాదం పట్టుకుంది. నోటికొచ్చిన ఇంగ్లీషు అంతా ఒలకబోసింది. షి కాలింగ్ బ్రదర్ మేడం, హీ కాలింగ్ సిస్టర్ మేడం. కావాలంటే చూడండని పిల్ల చెవిలో “ఛీ ఓయ్, ఛీ ఓయ్,” అని అరిచింది, విమానాశ్రయంలో నలుగురు తెలుగువాళ్ళు ఉండి ఉంటే ఎవరినో తిడుతోందనుకునేవారు. పిల్ల రెప్ప కూడా కదల్లేదు. మందు అలాంటిది. నర్సమ్మ విసుక్కోలేదు, అరవలేదు, అదే ఇంకా కష్టమైంది. “వీళ్ళిద్దర్నీ చూడమ్మా,” అంది ఇంగ్లీషులో మెల్లగా, “ఈ పిల్ల రంగు చూడు, ఆ పిల్లాడి రంగు చూడు. ఈమె స్వీడన్‌కు, అతను బెల్జియంకు. అక్కాతమ్ముళ్ళయితే క్యాంపులో ఎవరో ఒకరు చెప్పేవారు కదా.” సేమ్ మదర్ మేడం, ఫాదర్ డిఫరెంట్, అంది మార్తమ్మ. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, అన్నాకే తనకూ తట్టింది. తండ్రులు వచ్చారు, పోయారు, తల్లి ఒక్కతే ఉండకూడదా ఏం? తల్లి ఏ పడవలో ఉండిపోయిందో. నర్సమ్మ హార్లో వైపు తిరిగింది. మిసెస్ హార్లో తన రెండు భుజాలూ పట్టుకుని కళ్ళలోకి చూసింది. “ఆ దంపతులు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు మార్తా. ఇవాళ దింపేస్తే మళ్ళీ పిలుస్తారని నేను మాట ఇవ్వలేను. నువ్వు పొరబడితే ఈ పిల్లకు ఇల్లు పోతుంది. ఆర్ యూ షూర్?” అంది.

షూర్ మేడం, అంది. ట్రే సంగతి చెప్పలేదు. పాదం వదల్లేదు. వదిలితే అంతా అయిపోయేది, ఎవరూ తప్పు పట్టేవారు కాదు, ఉద్యోగం ఉండేది, పిల్లకు ఇల్లు ఉండేది, పిల్లాడికి ఇంకో ఇల్లు ఉండేది, ఇద్దరికీ దుప్పట్లు, బొమ్మలు, అన్నీ ఉండేవి, ఏమోయ్ అన్నప్పుడు పలికేవాడు ఒక్కడే ఉండడు. ఎప్పుడూ అబద్ధమాడని ఆ దొరసాని గేటు దగ్గర ఆఫీసరుతో, ఈ పిల్లకూ ఒంట్లో బాగోలేదు, చూడండి ఎలా వాలిపోయిందో, ఆసుపత్రికి పంపాలి, అని ఒక్క మాట చెప్పింది. పిల్లాడికి ఇచ్చినట్టే దీనికీ అనుమతి ఇచ్చారు. ఇప్పుడు ఆవిడ కారు, పక్కన నాగేశ్వరి, వెనకాల ఎక్కడో ఇదే బారులో ఆగి ఉంటుంది. ఆవిడ పెట్టిన నమ్మకం తలుచుకుంటే మార్తమ్మకు ఏడుపొస్తోంది.

ముందు బళ్ళు ఒక్కసారి కదిలి మళ్ళీ ఆగాయి, ఆ కుదుపుకు పిల్ల కళ్ళు విప్పింది. ముందు నీళ్ళను చూసింది, కిటికీ నిండా సముద్రం. ఒళ్ళంతా కొయ్యబారిపోయింది దానికి. తర్వాత మార్తమ్మ మొహం చూసింది, గుర్తుపట్టింది, పొద్దుట నవ్విన మొహం, నడుం పట్టి ఆపిన చేతులు. ఇంక చూసుకో. గోళ్ళతో రక్కింది, కాళ్ళతో గేరుకర్రను తన్నింది, లింగన్న “ఓ పోరీ, ఓ పోరీ, పైలం!” అంటూ ఒక చేత్తో దాని కాళ్ళు పట్టుకున్నాడు. తల తీసుకెళ్ళి తలుపుకేసి కొట్టుకోబోతుంటే మార్తమ్మ తన చెయ్యి అడ్డం పెట్టి, వేరే దారి లేక, “ఛీ ఓయ్!” అంది. పిల్ల ఆగింది. తన నోటివైపు చూసింది. తర్వాత బండంతా చూసింది, లింగన్న వెనకాల, సీటు కింద, తన కాళ్ళ దగ్గర. వెతుకుతోందా? వెతుకుతోంది! కాదు, తప్పించుకునే దారి చూస్తోందేమో, అదీ అయ్యుండొచ్చు. ఎవరూ కనపడలేదు. అప్పుడు రెండు పిడికిళ్ళతో మార్తమ్మ గుండెలమీద దబదబా గుద్దడం మొదలుపెట్టింది, ఇంతకు ముందుకన్నా గట్టిగా. ఉన్నాడమ్మా, వాడు ఉన్నాడు, బతికే ఉన్నాడు, అని ఎలా చెబుతుంది, చేత్తో ఎత్తు చూపించింది, ఇంత పిల్లాడు అని, ముందుకు చూపించింది, ఏమోయ్, ఏమోయ్, అక్కడ, అంది. పిల్ల నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? అదే మాటకు పొద్దుట బిస్కెట్టు ఇచ్చి పంపారు.

“ఇడ్శిపెట్టక్కా, ఏడ్వనియ్యి,” అన్నాడు లింగన్న గొంతు తగ్గించి. “నువ్వు పానం కరాబు చేసుకోకు. నా బిడ్డ గూడ నేను దుబాయి పోతాంటె గిట్లనే గుద్దింది.”

ఉన్నాడా అసలు? కొత్త భయం పుట్టింది, పుట్టిందంటే ఇక పోదు. తను బయల్దేరినప్పుడు జ్వరం దిగిందన్నారు, దిగింది మళ్ళీ ఎక్కదని ఏముంది, ఫిట్సు ఒకసారి వచ్చినవాడికి రెండోసారి రావని ఏముంది. పిల్లల వార్డులో తను చూడనిదేముంది. పొద్దుట పిల్లలు బాగానే ఆడుకున్న మంచానికి సాయంత్రానికి దుప్పటి మార్చిన రోజులు ఎన్ని లేవు. ప్రభువా, వాణ్ణి కాపాడు, నేను పొరబడితే పొరబడ్డాను, నన్ను ఇంటికి తరిమేసినా ఫరవాలేదు, వాడు ఉండాలి. తెల్లపిల్లాడైనా పరాయివాడైనా దీనికి ఏమీ కానివాడైనా సరే, ఉండాలి. బళ్ళు కదిలాయి. లింగన్న హారను మీద పెట్టిన చెయ్యి తీయకుండా సందుసందులూ తిప్పి సల్మానియా గేటు దాకా ఎలా తెచ్చాడో, మార్తమ్మకు తెలియదు, కళ్ళు మూసుకునే ఉంది. పిల్ల గుద్దడం మానేసి, అలిసిపోయి, పెదవులు బిగించి కూర్చుంది.

లిఫ్టు రాలేదు. మెట్లెక్కింది. పిల్ల చంకలో కర్రలా బిగుసుకుపోయి ఉంది, ఆసుపత్రి వాసనకు ముక్కు మూసుకుంది. వెనకాల మెట్లమీద మిసెస్ హార్లో బూట్ల చప్పుడు, “ఉండొదినా, ఉండు, అమ్మగారు పడిపోతారు,” అని నాగేశ్వరి గొంతు. వార్డు తలుపు తోసింది. మూల మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. మార్తమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. మనిషి పోతేనే ఆ తెర అలా నాలుగు వైపులా లాగుతారు. బాగున్నవాళ్ళకు కూడా లాగుతారు, ఒళ్ళు తుడిచేటప్పుడు లాగుతారు, మందు ఇచ్చేటప్పుడు లాగుతారు, తెలుసు, ఆ వార్డులోనే పనిచేస్తుంది కదా తెలియకేం, కానీ ఆ నిమిషంలో అది ఒక్కటే అర్థం అనిపించింది. చంకలో పట్టు సడలింది. పిల్ల జారి నేలమీద దిగింది.

దిగి, పారిపోలేదు. తెర కింద జానెడు సందులోంచి మంచం కోళ్ళు, ఎవరివో తెల్ల బూట్లు కనపడుతున్నాయి. లోపల ఎవరో చిన్నగా దగ్గారు. దగ్గే, ఇంకేం కాదు, మాట కూడా కాదు. పిల్ల తల పక్కకు వంచింది. వంగి, పిల్లిలా తెర కిందినుంచి దూరిపోయింది. మార్తమ్మ గబగబా వెళ్ళి తెర లాగింది. మంచం మీద పిల్లాడు కూర్చుని ఉన్నాడు, సిస్టరు తడిగుడ్డతో వాడి మెడ తుడుస్తోంది, ఒళ్ళు ఎర్రగా ఉన్నా కళ్ళు తేటగా ఉన్నాయి. పిల్ల మంచం పక్కన నిలబడి వాణ్ణి చూసింది. వాడు నోరు తెరిచాడు. వాడేదో అనేలోపే పిల్ల చెయ్యెత్తి వాడి చెంపమీద ఛెళ్ళున ఒక్కటిచ్చింది.

వాడు ఆకాశం అదిరేలా ఏడుపు అందుకున్నాడు. పిల్ల మంచం ఎక్కేసి, వాడి జుట్టు పట్టుకుని ఊపుతూ, ఒక్క గుక్కలో ఏమేమో తిడుతోంది, ఎక్కడికి పోయావు, చెప్పకుండా ఎందుకు పోయావు, ఎంత వెతికానో తెలుసా, ఏ భాషైతేనేం, ఆ తిట్లు అర్థం కానిదెవరికి. తిడుతూనే గౌను కొసతో వాడి ముక్కు తుడిచింది, తుడిచి మళ్ళీ వీపుమీద ఇంకోటి వేసింది. వాడు ఏడుస్తూనే దాని మెడ కావలించుకున్నాడు. తలుపు దగ్గర మిసెస్ హార్లో గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది, నాగేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎవరీ పిల్ల? జబ్బు పిల్లాణ్ణి అలా కొడుతుందేంటి?” అని సిస్టరు హిందీలో అరిచింది. “మార్తా, చూస్తావేం, పట్టుకో, లాగు దాన్ని!”

“కొట్టనివ్వండి సిస్టరూ,” అంది మార్తమ్మ, ఆవిడకు తెలుగు రాదన్న సంగతే మరిచిపోయి. “వాడి అక్క.”